గోలీ ఇంటికి తెచ్చుకున్న తరువాత
(మందుల వాడకం, వాటి ఇబ్బందులు, ఎప్పుడు దవాఖానాకు రావాలి)



ఈ కాగితం చదువుతున్నారంటే మీ చేతిలో గోలీల అట్ట అయినా ఉండి ఉంటుంది, సూది తేదీ రాసిన చీటీ అయినా ఉండి ఉంటుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చెబుతున్నంతసేపు అంతా అర్థమైనట్లే ఉంటుంది. బస్సెక్కి సుచిత్ర చౌరస్తా దాటేసరికి సగం మరిచిపోతాము. ఇంటికి చేరి వంటపని మొదలుపెట్టేసరికి మిగతా సగం కూడా పోతుంది. అందుకని ఆ మాటలే ఇక్కడ రాసి ఇస్తున్నాము. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చదవండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

ఇలా అనుకోండి. కొంపల్లి దగ్గర ఒక ఇల్లు. మొదటి బిడ్డకు రెండేళ్లు. ఇంకో రెండేళ్లు ఆగుదామని ఆలుమగలు అనుకుని మాలా-ఎన్ గోలీలు తెచ్చుకున్నారు. మూడోనాడు పొద్దున ఆమెకు కడుపులో తిప్పినట్లయింది. పక్కింటి వదిన చూసింది. "గోలీలు మింగుతున్నవా? అవి వేడి చేస్తయి. మా ఆడబిడ్డకు గట్లనే అయింది. బంద్ పెట్టు" అన్నది. గోలీల అట్ట బియ్యం డబ్బా వెనక్కి పోయింది. పెనిమిటికి ఈ సంగతి తెలియదు, గోలీ నడుస్తున్నదనే అనుకున్నాడు. మూడు నెలలకు ఆమెకు నెల తప్పింది.

ఇందులో గోలీ తప్పేమీ లేదు. వదినది కూడా చెడ్డ మనసు కాదు. కడుపులో తిప్పడం రెండు మూడు నెలల్లో తగ్గిపోయే చిన్న ఇబ్బంది అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా గుర్తులేదు. మందు మానేసిన సంగతి భర్తకైనా, నర్సమ్మకైనా చెప్పి ఉంటే ఆ ఇంట్లో నిరోధ్ అయినా వాడేవారు. మా అనుభవంలో గోలీ పనిచేయక వచ్చే గర్భాలకన్నా ఇలా చెప్పకుండా మానేస్తే వచ్చేవే ఎక్కువ.

మన దగ్గర ఇంకొక అలవాటు ఉన్నది. బిడ్డకూ బిడ్డకూ ఎడం పెట్టే మందుల జోలికి పోకుండా, ఇద్దరు పిల్లలు వెంటవెంటనే పుట్టగానే నేరుగా తల్లికి ఆపరేషన్ చేయిస్తారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవారిలో 100కి సుమారు 60 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. గోలీ, సూది వాడేవారు బహు కొద్దిమంది. ఆపరేషన్ మంచిదే, ఇక పిల్లలు వద్దనుకున్నవారికి. కానీ ఇరవై రెండేళ్ల పిల్లకు, చిన్నబిడ్డ ఇంకా నడక నేర్వనప్పుడు, అదొక్కటే దారి అనుకోవలసిన అవసరం లేదు.

మాలా-ఎన్ గోలీ

అట్టలో 28 గోలీలు ఉంటాయి. 21 తెల్లవి, 7 ఇటుక రంగువి. తెల్లవాటిలోనే గర్భం రాకుండా చేసే మందు ఉన్నది. మన శరీరంలో తయారయ్యే హార్మోనుల వంటివే రెండు, చాలా తక్కువ మోతాదులో కలిపి ఉంటాయి. అవి అండం విడుదల కాకుండా ఆపుతాయి. అండం లేనిదే గర్భం లేదు. ఇటుక రంగు గోలీల్లో ఉండేది ఇనుము. రక్తం పట్టడానికి అది ఉపయోగం. పైగా రోజూ గోలీ వేసుకునే అలవాటు తప్పకుండా చేస్తుంది. ఇటుక రంగు గోలీలు వేసుకునే రోజుల్లోనే ముట్టు వస్తుంది.

ముట్టు మొదలైన అయిదు రోజుల లోపల మొదటి తెల్లగోలీ వేసుకోవాలి. అక్కడినుంచి రోజుకు ఒకటి. 28 అయిపోయిన మరునాడే కొత్త అట్ట మొదలుపెట్టాలి. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండరాదు. భర్త ఊళ్లో లేడు కదా అని నాలుగు రోజులు మానేయడం చాలామంది చేసే పొరపాటు. ఈ గోలీ అవసరం పడ్డనాడు వేసుకునే మందు కాదు. ఈ మేడ్చల్, శామీర్‌పేట నేలమీద ఒకప్పుడు ద్రాక్షతోటలు ఎంతగా ఉండేవో పెద్దలకు తెలుసు. తోటకు మందు కొట్టే వరస తప్పితే ఏమయ్యేదో కూడా వారికి తెలుసు. తెగులు కనపడ్డాక కొడదామనుకుంటే పంట దక్కదు. గోలీ కూడా అంతే.

రాత్రి అన్నం తిన్న తర్వాత వేసుకుంటే కడుపులో తిప్పడం తక్కువ. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీలు చేసేవారికి ఈ వేళ కుదరకపోవచ్చు. వారానికోసారి డ్యూటీ మారేవారు ఏ డ్యూటీలో ఉన్నా మెలకువగా ఉండే ఒక గంట చూసుకోండి, సాయంత్రం ఆరు అనుకోండి, అదే గంటకు వేసుకోండి.

సక్రమంగా వేసుకుంటే 100 మందిలో ఏడాదికి ఒక్కరికి కూడా గర్భం రాదు. మరిచిపోతూ, ఆపుతూ వేసుకునేవారిలో 100కి సుమారు ఏడుగురికి వస్తుంది. ఆ రెండు లెక్కలకు మధ్య తేడా మందుది కాదు, వాడకానిది.

మరిచిపోతే? ఒక తెల్లగోలీ మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి. ఆనాటి గోలీ ఆనాటి వేళకు వేసుకోండి. ఒకేరోజు రెండు పడినా భయం లేదు. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మరిచిపోతే, గుర్తుకు రాగానే ఒకటి వేసుకుని రోజుకొకటి చొప్పున సాగించండి, కానీ ఏడు రోజుల పాటు నిరోధ్ కూడా వాడండి. ఇలా మరిచిపోయింది తెల్లగోలీలు అయిపోవచ్చే చివరి వారంలో అయితే, ఆ తెల్లవి పూర్తి చేసి, ఇటుక రంగువి వదిలేసి, వెంటనే కొత్త అట్ట మొదలుపెట్టండి. ఇటుక రంగుది మరిచిపోతే ఏమీ కాదు, దాన్ని పారేసి మిగతావి వేసుకోండి. గోలీ వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే అది కడుపులో నిలవనట్లే. ఇంకొకటి వేసుకోవాలి.

ఓర్చుకోదగినవి, ఓర్చుకోరానివి

కడుపులో తిప్పడం, కొంచెం తలనొప్పి, రొమ్ములు బరువుగా, సలుపుగా ఉండడం, ముట్టుకూ ముట్టుకూ మధ్య చుక్కలు కనపడడం. ఇవి మొదటి రెండు మూడు నెలల్లో కొందరికి ఉంటాయి. శరీరం కొత్త మందుకు అలవాటు పడే రోజులివి. తర్వాత తగ్గుతాయి. ముట్టు రక్తం మునుపటికన్నా తక్కువ పోతుంది. రక్తం తక్కువగా ఉన్న మన ఆడవారికి అది మేలే. మధ్యలో చుక్కలు కనపడ్డాయని గోలీ ఆపితే అవి ఇంకా ఎక్కువవుతాయి. వేళ తప్పకుండా వేసుకుంటే తగ్గుతాయి.

వేడి చేస్తుందంటారు. మజ్జిగ తాగండి, మజ్జిగ ఎప్పుడైనా మంచిదే. గోలీ మాత్రం మానకండి. గోలీలు కడుపులో కుప్ప పడతాయని కూడా అంటారు. పడవు. అన్నంలాగే కరిగి, పని చేసి, బయటికి పోతాయి. అందుకే కదా రోజూ వేసుకోవలసి వస్తున్నది!

ఇప్పుడు ఈ మాటలు జాగ్రత్తగా చదవండి. ఒక కాలి పిక్కలో గట్టి నొప్పి, వాపు. రొమ్ములో నొప్పి, ఆయాసం. మునుపెన్నడూ లేనంత తలనొప్పి. కళ్లు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనపడడం. మాట తడబడడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోయినట్లుండడం. కడుపులో భరించలేని నొప్పి. కళ్లు పచ్చబడడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా గోలీ ఆపి ఆ రోజే, ఆ గంటే డాక్టరుకు చూపించాలి. రాత్రయితే 108కి ఫోను చేయండి. ఇలా జరగడం చాలా అరుదు. రక్తనాళంలో రక్తం గడ్డకడితే ఈ సూచనలు వస్తాయి. అరుదు కదా అని తెలియకుండా ఉండరాదు. ముఖ్యంగా ఇంటి మగవారికి తెలిసి ఉండాలి, ఎందుకంటే దవాఖానాకు బండి కట్టించేది సాధారణంగా వారే.

అందువల్లనే గోలీ ఇచ్చే ముందు మీకు బి.పి. చూస్తారు. బి.పి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు, 35 ఏళ్లు దాటి బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారు, మెరుపులతో కూడిన ఒంటితల నొప్పి ఉన్నవారు, గుండెజబ్బు, పక్షవాతం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి వచ్చినవారు, కామెర్లు ఉన్నవారు, రొమ్ము కేన్సరు వచ్చినవారు మాలా-ఎన్ వాడకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లులు కూడా వాడరాదు. పొరుగింటామె అట్ట అడిగి తెచ్చుకోవడం ఎందుకు తగదో ఇక్కడ అర్థమవుతుంది. ఆమెకు సరిపడింది మీకు సరిపడకపోవచ్చు.

ఛాయ గోలీ

ఇది మన దేశంలో, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో కనిపెట్టిన మందు. 1991లో సహేలీ అన్న పేరుతో బజారుకు వచ్చింది. 2017 నుంచి ఛాయ అన్న పేరుతో ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో హార్మోను లేదు. కనుక కడుపులో తిప్పడం, మధ్యలో చుక్కలు వంటివి ఉండవు. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చును.

దీనితో చిక్కంతా రోజుల లెక్కతోనే. ముట్టు వచ్చిన మొదటి రోజున మొదటి గోలీ. దానికి మూడు రోజుల తర్వాత రెండోది. అంటే సోమవారం మొదలుపెడితే సోమవారం, గురువారం. ఆదివారం అయితే ఆదివారం, బుధవారం. ఇలా మూడు నెలలు వారానికి రెండేసి. నాలుగో నెల నుంచి వారానికి ఒక్కటే, మొదటి గోలీ వేసుకున్న వారం నాడు. ముట్టు ఎప్పుడు వచ్చినా వారం మారదు. క్యాలెండరు మీద ఆ వారాల చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి. ఈ పని భర్తకు అప్పజెప్పండి, చక్కగా చేయగలరు.

ఒక గోలీ ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే గుర్తుకు రాగానే వేసుకుని, మళ్లీ ముట్టు వచ్చేదాకా నిరోధ్ వాడాలి. ఏడు రోజులు దాటిపోతే మొదటినుంచి, వారానికి రెండు చొప్పున తిరిగి మొదలుపెట్టాలి.

ఛాయతో కొందరికి ముట్టు ఆలస్యంగా వస్తుంది. రోగం కాదు, భయపడనక్కరలేదు. కానీ 15 రోజులు దాటినా రాకపోతే గర్భమేమో పరీక్ష చేయించుకోవాలి. ఈ మధ్య కామెర్లు వచ్చినవారు, గర్భసంచి పక్కన అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నవారు, క్షయ ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ గోలీ వాడరాదు.

అంతర సూది

రోజూ గుర్తుంచుకోవడం మా వల్ల కాదు అనేవారికి ఇది. మూడు నెలలకు ఒక సూది. ఇది కూడా 2017లో ప్రభుత్వ ఉచిత పథకంలో చేరింది. కాన్పు అయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లి కూడా వేయించుకోవచ్చు, పాలు తగ్గవు.

సూది వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు తొందరగా రక్తంలో కలిసిపోయి మూడు నెలలు రావలసింది ముందే అయిపోతుంది. ఇంట్లో అత్తమ్మలు ప్రేమకొద్దీ రుద్దబోతారు, మెల్లగా వద్దని చెప్పండి.

ఈ సూది మీద ఉన్నన్ని పుకార్లు మరే మందు మీద లేవు. వాటిలో మొదటిది ముట్టు గురించి. నిజమే, సూదితో ముట్టు మారుతుంది. మొదటి నెలల్లో చుక్కలు చుక్కలుగా, లెక్క లేకుండా కనపడవచ్చు. రెండు మూడు సూదులయ్యాక చాలామందికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ఊళ్లో అంటారు: చెడు రక్తం లోపల నిలిచిపోయింది, గడ్డ కడుతుంది, అని. అది సరికాదు. నెలనెలా గర్భసంచి లోపల మెత్తని పొర పెరుగుతుంది, గర్భం రాకపోతే ఆ పొర రాలి ముట్టుగా పోతుంది. సూది పనిచేస్తున్నన్నాళ్లు ఆ పొరే పెద్దగా పెరగదు. పెరగనిది రాలదు. లోపల నిలిచేదేమీ లేదు. వడ్లు పోయని గాదెను ఊడ్చి ఏమి తీస్తాము?

కానీ రక్తం మామూలుకన్నా రెండింతలు పోతున్నా, ఎనిమిది రోజులకు మించి పోతున్నా ఊరుకోవద్దు. రండి, దానికి మందులున్నాయి. కొందరు ఒళ్లు కొంచెం చేస్తారు. ఎముకల గట్టిదనం కొద్దిగా తగ్గుతుంది, సూది మానేశాక తిరిగి వస్తుంది. పాలు, రాగులు, ఆకుకూరలు తినడం మంచిది. బి.పి. బాగా ఎక్కువగా ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, రొమ్ము కేన్సరు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు డాక్టరుకు చెప్పకుండా వేయించుకోరాదు.

సూది తేదీకి రాలేకపోతే? పండుగకు పుట్టింటికి పోతున్నాము అంటే రెండు వారాలు ముందుగానే వేయించుకుని పోవచ్చు. తేదీ దాటినా నాలుగు వారాల దాకా వేస్తారు. అయితే ఆ నాలుగు వారాలు మీ హక్కు అని లెక్కపెట్టుకుని కూర్చోవద్దు. పుట్టింటి ఊళ్లో కూడా ప్రభుత్వ కేంద్రం ఉంటుంది. చీటీ వెంట తీసుకుపోతే అక్కడే వేస్తారు.

వేరే జబ్బుకు మందులు వాడుతున్నప్పుడు

ఇది ఎవరూ అడగని సంగతి. అందుకే ఎక్కువ రాస్తున్నాము.

ఒకామె మాలా-ఎన్ వరస తప్పకుండా వేసుకుంటున్నది అనుకోండి. దగ్గు మూడు వారాలైనా తగ్గలేదు, తెమడ పరీక్షలో క్షయ అని తేలింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే క్షయ మందులు మొదలుపెట్టారు. అక్కడ జబ్బు సంగతి అడిగారు గానీ కుటుంబ నియంత్రణ సంగతి ఎవరూ అడగలేదు. ఆమె సిగ్గుపడి చెప్పలేదు. గోలీ ఒక్కటి కూడా మరవలేదు, అయినా గర్భం వచ్చింది. ఎలాగంటే, క్షయ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఉన్నది. వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందే, ఆ మందే. ఆ రంగుతో ప్రమాదం లేదు. కానీ ఆ మందు కాలేయానికి పని ఎక్కువ చేయిస్తుంది. కాలేయం గోలీలోని హార్మోనును వచ్చింది వచ్చినట్లే విరిచి పారవేస్తుంది. గోలీ నోట్లో పడుతున్నది గానీ పని చేసేటంత ఒంట్లో నిలవడం లేదు.

అందుకని క్షయ మందులు వాడినంతకాలం, అవి అయిపోయిన తర్వాత కూడా నాలుగు వారాలు, మాలా-ఎన్ మీద ఆధారపడకూడదు. అంతర సూది వేయించుకోవచ్చు, రిఫాంపిసిన్ దాన్ని చెడగొట్టదు. కాపర్-టి పెట్టించుకోవచ్చు. నిరోధ్ ఎప్పుడూ వాడవచ్చు. ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: ఏ కారణం చేతనూ క్షయ మందు ఆపకూడదు. మార్చవలసింది గోలీని. ఈలోగానే గర్భం వచ్చినా క్షయ మందు మానకుండా డాక్టరుకు చెప్పండి. తల్లికీ బిడ్డకూ మందువల్ల కన్నా వైద్యం లేని క్షయవల్లనే ముప్పు ఎక్కువ.

మూర్ఛకు వాడే మందుల్లో కొన్ని, ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్, ఇలాగే గోలీ బలాన్ని తగ్గిస్తాయి. వారికి కూడా సూది గానీ కాపర్-టి గానీ మేలు.

మరి జ్వరానికి, పుండుకు ఇచ్చే మామూలు యాంటీబయాటిక్ గోలీలు? అమాక్సిసిలిన్ వంటివాటివల్ల గోలీ చెడదు. కానీ విపరీతంగా వాంతులు, విరేచనాలు అవుతూ ఒకటి రెండు రోజులు దాటితే గోలీ మరిచిపోయినట్లే లెక్కపెట్టుకుని నిరోధ్ కూడా వాడండి.

కనుక మీరు ఏ దవాఖానాకు పోయినా, ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోయినా, మందుల షాపుకు పోయినా, "నేను ఈ గోలీ వాడుతున్నాను" అని అట్ట చూపించండి. పేరు చెప్పడం కన్నా అట్ట చూపించడం నయం. తెల్లగోలీలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. సిగ్గెందుకు? పెళ్లయిన ఇంటి సంగతే కదా.

ఇనుము గోలీలు వేసుకునేవారికి రెండు మాటలు. మలం నల్లగా వస్తుంది, భయం లేదు. మలబద్ధకం ఉంటే నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఎక్కువ తీసుకోండి. టీతో పాటు వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. పిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. మిఠాయిలాగా ఉంటాయని నాలుగైదు మింగితే చిన్నబిడ్డకు ప్రాణాపాయం.

పొరపాటు జరిగినప్పుడు

నిరోధ్ చినిగింది, గోలీలు నాలుగు రోజులు మరిచారు, ఏ జాగ్రత్తా లేకుండా కలిశారు. అప్పుడు 72 గంటల లోపల వేసుకోవలసిన అత్యవసర గోలీ ఒకటి ఉన్నది. ఒక్కటే గోలీ. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. రేపు చూద్దాం అనుకోవద్దు. ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. రెండు గంటల లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. తర్వాతి ముట్టు కొన్ని రోజులు ముందూ వెనకా కావచ్చు. వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించండి. ఇది నెలలో మూడు నాలుగుసార్లు వేసుకునే మందు కాదు. అలా అవసరం పడుతున్నదంటే మీకు వేరే పద్ధతి కావాలి.

అత్యవసర గోలీ వేరు, గర్భస్రావం గోలీలు వేరు. మొదటిది గర్భం రాకుండా చేస్తుంది, వచ్చిన గర్భాన్ని పోగొట్టదు. రెండోవాటిని డాక్టరు చూసి, వారాలు లెక్కగట్టి, తొమ్మిది వారాల లోపు గర్భానికి మాత్రమే ఇవ్వాలి. వాటిని షాపులో కొని తెచ్చి ఇంట్లో మింగించే భర్తలు ఉన్నారు. గర్భం సంచిలో కాక గొట్టంలో ఉంటే ఆ గోలీలతో పోదు, గొట్టం పగిలి తల్లి ప్రాణం పోతుంది. లోపల ముక్క మిగిలిపోతే రక్తం ఆగదు. వద్దు. 1971లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి ఉన్న దవాఖానాలో గర్భస్రావం చేయించుకోవడం నేరం కాదు. వాడుతున్న పద్ధతి విఫలమై వచ్చిన గర్భం కూడా ఆ చట్టంలో ఒక కారణమే. ఎవరి దగ్గరా దాచవలసిన పని లేదు, నేరుగా డాక్టరు దగ్గరికి రండి. ఇప్పటికే ఇంట్లో మింగి ఉంటే, గంటకు రెండు పెద్ద గుడ్డలు తడుస్తూ రెండు గంటలు గడిచినా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా 108కి ఫోను చేయండి. ఏమి మింగారో దాచకుండా చెప్పండి. తిట్టడానికి కాదు, వైద్యం చేయడానికే అడుగుతారు.

బిడ్డ కావాలనుకున్నప్పుడు

గోలీలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్న భయం చాలా ఇళ్లలో, ముఖ్యంగా పెద్దవాళ్లలో ఉన్నది. అలా కాదు. మాలా-ఎన్ గానీ ఛాయ గానీ ఆపితే త్వరలోనే గర్భం రావచ్చును. అంతర సూదికి మాత్రం కొంత ఆలస్యం ఉంటుంది. చివరి సూది వేసిన రోజు నుంచి ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఒక్కోసారి ఇంకా కొంచెం. కనుక వచ్చే ఏడాది బిడ్డ కావాలనుకునేవారు ఈ ఏడాదే సూది ఆపి, అక్కరైతే కొన్నాళ్లు నిరోధ్‌కు మారాలి. అత్తగారికి ఈ లెక్క ముందే చెప్పి పెట్టండి. తరువాత కోడలిని అనకుండా ఉంటారు.

ఆపే ముందు ఇంకొక పని. మీరు వేరే జబ్బులకు రోజూ వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. మూర్ఛకు వాడే సోడియం వాల్‌ప్రోయేట్, బి.పి.కి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటివి కడుపులో బిడ్డకు చెరుపు చేస్తాయి. గర్భం రాకముందే వాటిని మార్చాలి. మీ అంతట మీరే ఆపడం ఇంకా ప్రమాదం. మూర్ఛ మందు ఒక్కసారిగా మానితే మూర్ఛలు విరుచుకుపడతాయి. మార్చేది డాక్టరు, ఆ మార్పు స్థిరపడేదాకా కుటుంబ నియంత్రణ పద్ధతి ఆపకూడదు.

అదే రోజు ఫోలిక్ ఆమ్లం గోలీలు అడిగి తీసుకోండి. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే, అంటే చాలామందికి నెల తప్పిన సంగతి ఇంకా తెలియకముందే. కాబట్టి ఆ గోలీ, పద్ధతి ఆపడానికి ఒక నెల ముందుగానే మొదలుపెట్టాలి, రోజుకు ఒకటి.